ఆ మధ్య కుర్చీ ఎవరిది?

న్యూజెర్సీ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. నాలుగు పేజీల ఉత్తరం మొత్తం వేయడానికి ఇక్కడ చోటు చాలదు గనుక ముఖ్యమైన ముక్కలు మాత్రం ఇస్తున్నాను.

"అక్కయ్యగారికి నమస్కారాలు. మావారికి పాటల పిచ్చి. ఎవరో ఇల్లు మారుతూ సామాను అమ్మేస్తుంటే మాగ్నపాన్ అనే రకం స్పీకర్లు రెండు కొనుక్కొచ్చారు. స్పీకర్లంటే డబ్బాలు కదా అనుకున్నాను. ఇవి తలుపు రెక్కల్లా వున్నాయి. నాకంటే పొడుగు! మందం చూస్తే రెండంగుళాలు. వీటిని గోడకి ఆనించకూడదట, హాల్లో ముందుకి లాగి నిలబెట్టారు. ఏటా బొమ్మల కొలువు పెట్టుకునే చోటు కాస్తా పోయింది. ఆయన సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుని వింటారు. నేను పక్కన సోఫాలో కూర్చుని వింటే పాత డబ్బా స్పీకర్లే నయమనిపిస్తోంది. ఆ మాటంటే 'నీకు చెవి లేదులే' అంటున్నారు. నిజంగా నాకు చెవి లేదా? వీటిని వుంచుకోమంటారా, పంపించెయ్యమని చెప్పనా?"

ఈ శీర్షికకి ఎన్నో రకాల ఉత్తరాలు వస్తుంటాయి గాని, స్పీకర్ల గురించి రావడం ఇదే మొదలు. అయినా ఇది మగవాళ్ళ వ్యవహారం అని పక్కన పెట్టేది కాదు. హాలు మీది, చెవులు మీవి, కొలువు మీది. పైగా మన పిల్లలు చాలామంది విదేశాల్లో వున్నారు, ఇక్కడా కాస్త స్తోమత వున్న ఇళ్ళల్లో ఇలాంటివి కనిపిస్తున్నాయి. అందుకని కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు ఆ సోదరికి జవాబు. అమ్మా, మీ చెవికి ఏ లోపమూ లేదు. మీరు విన్నది నిజమే. సోఫాలోంచి వింటే నీరసంగానే వుంటుంది, అక్కడ మీవారు కూర్చున్నా అంతే! ఎందుకో తెలియాలంటే ఈ పలకలు ఎలా పనిచేస్తాయో కాస్త తెలుసుకోవాలి.

మామూలు స్పీకరులో కాగితంతోనో అట్టతోనో చేసిన గరాటు లాంటిది వుంటుంది. అది ముందుకీ వెనక్కీ కదిలితే గాలి కదులుతుంది, అదే మనకి శబ్దం. ఆ గరాటుని చెక్కపెట్టెలో బిగిస్తారు. బిందెలో మూతి పెట్టి మాట్లాడితే గొంతు ఎలా మారిపోతుందో మీకు తెలుసు కదా! మరీ అంత కాకపోయినా, పెట్టె కూడా తన గొంతు కొంచెం కలుపుతుంది. మంచి కంపెనీల వాళ్ళు ఆ కలపడం వీలైనంత తగ్గిస్తారు.

పలక స్పీకరులో పెట్టే వుండదు, గరాటూ వుండదు. మనం గిన్నెల మీద చుట్టే ప్లాస్టిక్ పొర చూశారా, అలాంటి పల్చని పొరని పెద్ద చట్రానికి బిగించి వుంచుతారు. అది మొత్తంగా కదులుతుంది. దాన్ని కదిలించడానికి రెండు పద్ధతులు వున్నాయి. ఒకటి స్థిర విద్యుత్తు. చిన్నప్పుడు దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అతుక్కునేవి, గుర్తుందా? అదే ఇది. పొరకి కొన్నివేల వోల్టుల విద్యుత్తు ఎక్కించి, దానికి ముందొకటి వెనకొకటి జల్లెడ లాంటి చిల్లుల రేకులు పెడతారు. పాట ఆ రేకుల్లోకి వస్తుంది. ఒక రేకు పొరని లాగుతుంటే రెండోది నెడుతుంది. రెండో పద్ధతిలో ఈ వేల వోల్టుల గొడవ లేదు. పొర మీద సన్నని తీగలు అతికించి, పక్కనే అయస్కాంతం పట్టీలు వరుసగా పెడతారు. పాట తీగల్లో పారితే పొర ఆడుతుంది. మీ ఇంట్లోవి ఈ రెండో రకం. గోడకి ప్లగ్ పెట్టక్కర్లేదు, గమనించే వుంటారు.

ఇక చెవి సంగతి. వేసవిలో విసనకర్రతో విసురుకునేటప్పుడు గాలి దాని ముందుకీ వెనక్కీ ఆడుతుంది. అంచుకి పక్కగా చెయ్యి పెట్టి చూడండి, గాలి తగలదు. ఈ పలకలూ అచ్చం అంతే. ముందు నుంచి ఎంత శబ్దం వస్తుందో వెనక నుంచీ అంతే వస్తుంది. అంచు పక్కకి వస్తే ముందుదీ వెనకదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీ సోఫా ఆ అంచు వైపున వుంది. పైగా ఒక పలక దగ్గరగా, ఇంకోటి దూరంగా వుంటాయి గనుక పాట ఒక మూల నుంచి వచ్చినట్టు వుంటుంది. మీవారు మధ్య కుర్చీలో వినేదీ, మీరు సోఫాలో వినేదీ ఒకే పాట కాదు. ఇంతకీ చెవి ఎవరికి వున్నట్టు?

కాబట్టి వుంచుకోవాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి. ముందు ఆయన్ని లేవమనండి. వంట అయిపోయాక, పిల్లలు బడికి వెళ్ళాక, స్టవ్ మీద ఏమీ లేనప్పుడు ఆ కుర్చీలో మీరు కూర్చోండి. ఎల్పీ రికార్డు ఒక పక్క అయ్యేంతసేపు, అంటే ఇరవై నిమిషాలు. రెండు పలకల మధ్య ఎంత దూరం వుందో, కుర్చీకీ ఒక్కో పలకకీ మధ్య దాదాపు అంతే దూరం వుండాలి. పలకలు కొంచెం మీ వైపు తిరిగి వుండాలి. చేతిలో ఫోను, ఒళ్ళో చిక్కుడుకాయలు పెట్టుకోకండి. (చిక్కుడుకాయలు వలుస్తూ వినడం నాకూ అలవాటే, కాని ఈ ఒక్కసారికి వద్దు.)

ఏం పెట్టుకోవాలి? గొంతు ప్రధానంగా వున్నది పెట్టుకోండి. ఈ పలకలకి మనిషి గొంతే అన్నిటికన్నా బాగా వచ్చే విద్య. ఆ పొరకి బరువు లేదు, అందుకని పాట ఆగిన చోట టక్కున ఆగుతుంది, మొదలైన చోట టక్కున మొదలవుతుంది. సుబ్బులక్ష్మిగారి సంకీర్తన పెడితే వెనకాల తంబురా శ్రుతి ఒక పల్చటి తెరలా విడిగా వినిపిస్తుంది. గాయని ఊపిరి తీసుకోవడం, పెదవి విప్పడం తెలుస్తాయి. బాలమురళిగారు మంద్రంలోకి దిగేటప్పుడు గొంతు బరువెక్కడం తెలుస్తుంది. మాటల్లో ఒత్తులూ ద్విత్వాలూ స్పష్టంగా వస్తాయి గనుక సాహిత్యం పట్టించుకునే మన బోటి వాళ్ళకి ఇది పెద్ద లాభం. వీణ తీగ మీద వేలు జారే చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది.

పాత సినిమా పాటలు ఎలా వుంటాయని మీకు సందేహం రావచ్చు. అవి ఒకే ట్రాకులో, మోనోలో రికార్డయినవి. రెండు పలకలకీ మధ్య ఖాళీ చోట ఘంటసాల గారో సుశీల గారో నిలబడి పాడుతున్నట్టే వుంటుంది. అయితే ఒక చిక్కు. అరిగిపోయిన రికార్డయితే ఆ గరగర కూడా అంత స్పష్టంగానూ వినిపిస్తుంది. పాడైన సరుకుని ఇవి దాచిపెట్టవు.

డప్పులు, డ్రమ్ములు, ఇప్పటి సినిమాల్లో సోఫా అదిరిపోయే మోతలు కావాలనుకునేవాళ్ళకి మాత్రం ఇవి పనికిరావు. విసనకర్ర కథే మళ్ళీ. లోతైన శబ్దాలు అంచు చుట్టూ తిరిగి వెనక్కి పోయి కొట్టేసుకుంటాయి. అందుకే కొందరు కింద వేరే బేస్ డబ్బా కలుపుకుంటారు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్‌లో మొదలైన మార్టిన్‌లోగన్ అనే కంపెనీ పైన వంపు తిరిగిన పలక, కింద మామూలు బేస్ పెట్టె కలిపి ఒకే స్పీకరుగా చేస్తూ వచ్చింది. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ హోరెత్తించాలంటే పాత డబ్బాలే మేలు. వాటిని పారెయ్యకండి.

ఈ పలకల పుట్టుక గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఇంగ్లండులో హంటింగ్డన్ అనే ఊళ్ళో పీటర్ వాకర్ అనే ఆయన క్వాడ్ పేరుతో స్థిర విద్యుత్తు స్పీకరుని 1957లో అమ్మకానికి పెట్టారు. మనకి 'మాయాబజార్' వచ్చిన సంవత్సరమే! అది చూడ్డానికి చలిదేశాల్లో గది వేడి చేసుకునే రేడియేటర్‌లా వుండేది, అక్కడివాళ్ళు అలాగే హాస్యమాడేవారు. పాతికేళ్ళకి పైగా దాన్ని అమ్మారు. ఇప్పటికీ బాగుచేయించుకుని వింటున్నవాళ్ళు వున్నారు. దాని తర్వాతది, ఈఎస్ఎల్-63, 1981లో వచ్చింది. ఒక్కచోటే కూర్చోవాలన్న బాధ తగ్గించడానికి అందులో ఒక ఉపాయం చేశారు. చెరువులో రాయి వేస్తే అలలు వలయాలుగా వస్తాయి కదా, అలాగే పలకని వలయాలుగా విభజించి, మధ్య వలయం ముందు, బయటివి క్షణంలో వెయ్యో వంతుకన్నా తక్కువ ఆలస్యంగా పలికేలా అమర్చారు. దాంతో శబ్దం పలక వెనక అడుగు దూరంలో వున్న ఒక్క చుక్క నుంచి వస్తున్నట్టు వుంటుంది. వాకర్ గారు 2003లో పోయారు.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో జిమ్ వైనీ అనే ఇంజనీరుకి ఆ స్థిర విద్యుత్తు పలకల శబ్దం బాగా నచ్చింది. దాన్నే అయస్కాంతాలతో సాధించవచ్చని ఆలోచించి 1969లో మాగ్నపాన్ కంపెనీ పెట్టారు. మీ ఇంటికి వచ్చిన తలుపు రెక్కలు ఆ వంశంవే.

ఇక్కడ మన ఆడవాళ్ళకి సంబంధించిన ఒక ముచ్చట వుంది. 1983లో స్టీరియోఫైల్ అనే అమెరికా పత్రికలో లారీ గ్రీన్‌హిల్ అనే సమీక్షకుడు స్పీకర్ల గురించి రాస్తూ 'వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్' అన్న మాట అచ్చులో వాడారు. ఆ మాట పుట్టించింది తాను కాదనీ, తోటి సమీక్షకుడనీ కూడా చెప్పారు. అంటే 'భార్య ఒప్పుకోలు మార్కు' అన్నమాట. సామాను ఎంత చిన్నగా, అందంగా వుంటే అంత ఎక్కువ మార్కు. అప్పటినుంచీ ఆ లోకంలో అది సామెతలా చెలామణీ అవుతోంది. సరదాకి అన్నదే కావచ్చు. కాని నాకు అది వింటే నవ్వుతోపాటు ఒళ్ళు కూడా మండుతుంది. ఆ లెక్క ప్రకారం భర్త వినేవాడు, భార్య చూసేది! ఆవిడ పని గదిలో సామాను నప్పిందా లేదా అని చూసి తల ఊపడమో, అడ్డంగా తిప్పడమో. ఆవిడకీ రెండు చెవులున్నాయనీ, చిన్నప్పుడు సంగీతం నేర్చుకుందేమోననీ, ఆ కుర్చీలో కూర్చోవాలని ఆవిడకీ వుంటుందేమోననీ ఎవరికీ తట్టలేదు. మన ఇళ్ళల్లో సరళీస్వరాలు నేర్చుకున్నది ఎక్కువగా ఆడపిల్లలే కదండీ! పెళ్ళయ్యాక హార్మోనియం అటకెక్కింది గాని, విన్న చెవి ఎక్కడికి పోతుంది?

అందుకే 'వుంచుకోమంటారా' అని మీరు అడిగిన ప్రశ్నకి, ఆ కుర్చీలో కూర్చుని విన్నాకే జవాబు చెప్పమంటున్నాను. విన్నాక నచ్చకపోతే నచ్చలేదని చెప్పడానికి మీకు పూర్తి హక్కు వుంది. అప్పుడు ఆయన 'చెవి లేదు' అనలేరు.

ఇక చోటు సంగతి. ఇది చిన్న విషయం కాదు. వెనక నుంచి వచ్చే శబ్దం గోడకి తగిలి తిరిగి వస్తుంది గనుక పలకకీ గోడకీ మధ్య కనీసం 3 అడుగులు వదలాలి. పన్నెండడుగుల గోడ అనుకుంటే అక్కడే 36 చదరపు అడుగులు పోయింది. మనలో చాలామంది ఇళ్ళల్లో దేవుడి గది అంతకన్నా చిన్నది! చిన్న ఫ్లాటులో వుండేవాళ్ళు ఆ లెక్క వేసుకున్నాకే డబ్బు తియ్యాలి. మీ ఇల్లు కొంచెం పెద్దదే అనిపిస్తోంది గనుక ఒక ఉపాయం చెబుతాను. వినేటప్పుడు పలకలు ఎక్కడ వుండాలో నేలమీద చిన్న రంగు టేపు ముక్కలు అతికించండి. విననప్పుడు గోడ దగ్గరకి జరిపెయ్యండి. ఇవి ఆకారానికి పెద్దవే గాని పెట్టె స్పీకర్లంత బరువుండవు. వినే వేళకి మళ్ళీ టేపు మీదకి జరపడం మీవారి పని. పాటల పిచ్చి ఆయనది కదా మరి!

కొలువు పెట్టే రోజుల్లో ఆంప్లిఫయర్ ఆపేసి, తీగలు విప్పి, పలకల్ని వేరే గదిలో గోడకి వాల్చి పెట్టుకోవచ్చు. కొలువు తీసేశాక మళ్ళీ వాటి చోటికి అవి.

హాల్లోకి తెరిచి వుండే వంటిళ్ళ గురించి ఒక మాట. అమెరికా ఇళ్ళల్లో ఇది మామూలే, ఇక్కడి కొత్త ఫ్లాట్లలోనూ అంతే. ఇంగువ పోపు, అప్పడాల నూనె ఆవిరి గాల్లో తేలి గుడ్డకి పట్టుకుంటాయి. తర్వాత దాని మీద దుమ్ము చేరుతుంది. స్థిర విద్యుత్తు రకానికి ఈ బాధ మరీ ఎక్కువ. పాత గాజు టీవీల తెర మీద దుమ్ము ఎలా పేరుకునేదో గుర్తు తెచ్చుకోండి, ఆ పొర కూడా అలాగే దుమ్ముని పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. అందుకని చిమ్నీ వేసుకోండి, వేపుళ్ళు చేసేటప్పుడు కిటికీ తెరవండి. సాంబ్రాణి, అగరుబత్తి వాటి పక్కన వద్దు.

తుడవడం ఎలా? తడిగుడ్డ ఎప్పుడూ పెట్టకూడదు. ప్లగ్ పెట్టే రకానికయితే ప్లగ్ తీసేశాక కూడా లోపల విద్యుత్తు కొంతసేపు నిలిచి వుంటుంది. కొన్ని గంటలు ఆగి, మెత్తటి బ్రష్ తగిలించిన వాక్యూమ్ క్లీనర్‌తో పైపైన దుమ్ము లాగాలి. మీ స్పీకరుతో వచ్చిన పుస్తకంలో వేరేగా రాసి వుంటే అదే చెయ్యండి. అల్లిక సూదులు, జడపిన్నులు చిల్లుల్లో దూర్చే వయసు పిల్లలు వుంటే మాత్రం, వేల వోల్టుల రకం ఇంట్లోకి తేవద్దనే నేను చెబుతాను. మీది ఆ రకం కాదు గాని, పొడుగ్గా సన్నగా వుంది గనుక బంతి తగిలితే పడుతుంది. పిల్లి వున్న ఇంట్లో ఆ గుడ్డ దాని గోళ్ళకి మహా ఇష్టం!

తిరిగి వచ్చేద్దామనుకునేవాళ్ళు కూడా కొన్ని చూసుకోవాలి. ప్లగ్ వున్న రకం అమెరికాలో 120 వోల్టులకి తయారై వుంటుంది, మనకి 230. మార్చడానికి వీలుందో లేదో కనుక్కోకుండా కంటెయినర్లో ఎక్కించకండి. కాకినాడ, విశాఖ, చెన్నై లాంటి సముద్రపు ఊళ్ళల్లో గాల్లో చెమ్మ ఎక్కువ. చెమ్మకి ఆ విద్యుత్తు కారిపోయి శబ్దం తగ్గుతుంది, చిటపటలు వస్తాయి. అలాంటి చోట అయస్కాంతం రకమే నయం. హైదరాబాదు, అనంతపురం వాతావరణంలో అంత ఇబ్బంది వుండదు, వానాకాలం నాలుగు నెలలు తప్ప. అయస్కాంతం రకానికి ఎండ శత్రువు. కిటికీ ఎండ రోజూ పడితే, తీగల్ని పొరకి పట్టి వుంచే జిగురు పాడవుతుంది.

ఖర్చు విషయంలో ఒకటి మరవద్దు. ఈ పలకలు చిన్న ఆంప్లిఫయర్‌తో పలకవు. మాగ్నపాన్ వాటికి మంచి శక్తి గల ఆంప్లిఫయర్ కావాలి. స్పీకర్లు చవగ్గా వచ్చాయని సంబరపడి తెచ్చాక, దానికోసం ఇంకో చెక్కు రాయాల్సి వస్తుంది. మీవారు ఆ సంగతి మీకు చెప్పారో లేదో!

వంట చేస్తూ పాటలు వినడానికి మాత్రం మీ చిన్న రేడియోనే వుంచుకోండి. పలకలు ఎంత గొప్పవయినా గోడ అవతల కుక్కర్ దగ్గర నిలబడ్డ మనిషికి అవి చేసేదేమీ లేదు.

చివరగా, మీవి వాడిన సరుకు గనుక ఒక పరీక్ష చెయ్యండి. మృదంగం బాగా వినిపించే కచేరీ ఒకటి మామూలు స్థాయిలో పెట్టి, ఒక్కో పలక దగ్గరకి వెళ్ళి చెవి పెట్టండి. తొప్పి వైపు దెబ్బ పడినప్పుడల్లా 'జుయ్' మని రొద వస్తే లోపల తీగ ఎక్కడో అతుకు వూడిందన్నమాట. అది చేతకాని వాళ్ళు ముట్టుకోకూడదు. ఈ రిపేర్లు ఆ కంపెనీయే చేస్తుంది. మిన్నెసోటాలో వైట్ బేర్ లేక్ అనే ఊళ్ళో వున్న వాళ్ళకి ఫోను చేసి, పలక వెనక రాసి వున్న నంబరు చెప్పి, ఎంతవుతుందో అడగండి. ఆ ఖర్చు కూడా తెలిశాక వుంచుకోవాలో వద్దో మీ ఇద్దరూ కూర్చుని అనుకోవచ్చు.